మనల్ని రాయించుకున్నోడు కట్టిన మేడ

(సింహాద్రిపురంలో యువకులు ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన తమ్ముళ్లు ఒక మాట చెప్పి పిలిచినారు. "అన్నా, మా పక్క ఊళ్లో పాత బడి మిద్దె ఒకటుంది. సగం మంది కూలగొట్టి షాపులు కట్టాలంటున్నారు. సగం మంది బాగు చేయించి లైబ్రరీ పెట్టాలంటున్నారు. నువ్వు వచ్చి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పను. ఊళ్లో తగువు ఊళ్లోనే తీరాల. కానీ ఆ బడి మిద్దె గురించి మాట్లాడే ముందు మిమ్మల్ని హైదరాబాదు దాకా తీసుకుపోతాను. కోఠిలో ఒక మేడ చూపిస్తాను.

హైదరాబాదు మేడతో సింహాద్రిపురానికి ఏం పని అని మీరు అడగొచ్చు. ఉంది. ఆ మేడ కట్టించినవాడే మనల్ని రాయించుకున్నవాడు.

ఒక సంతకం

1800 అక్టోబరు 12. నిజాం అలీ ఖానుకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య ఒక ఒప్పందం జరిగింది. కంపెనీ సైన్యం నిజాముకు కాపలా కాయాల. ఆ సైన్యం జీతాలకు నిజాం ఏటేటా డబ్బు కట్టాల. డబ్బుకు బదులుగా భూమి ఇచ్చేస్తానన్నాడు. ఏ భూమి? 1792లో, 1799లో మైసూరు టిప్పు నుంచి తన వాటాకు వచ్చిన భూమి. అంటే మన కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలు. కర్నూలు నవాబు మాత్రం 1839 దాకా విడిగా ఉన్నాడు. ఎనిమిదేళ్ల ముందు టిప్పు చేతిలో ఉన్నాం, ఆ తర్వాత నిజాం చేతిలో, ఆ తర్వాత కంపెనీ చేతిలో. ఒక్కసారైనా మనల్ని అడిగినవాడు లేడు. చీనీ తోట చేతులు మారినా కాపలావాణ్ణి పిలిచి చెప్తారు గదప్పా! మనకు ఆపాటి కబురు కూడా లేదు.

అప్పట్నుంచి మన పేరు "దత్తమండలాలు". దత్తత పోయిన బిడ్డల పేరు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ఆ పేరు వద్దు, "రాయలసీమ" అందామన్నారు. 128 ఏళ్లు మోసిన పేరు అది.

ఆ ఒప్పందం కుదిర్చిన కంపెనీ ప్రతినిధి పేరు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. నిజాం దర్బారులో రెసిడెంటు. ఒప్పందం అయిన మూడేళ్లకు, 1803లో, మూసీ ఒడ్డున తన కోసం, తన తర్వాత వచ్చే రెసిడెంట్ల కోసం మేడ మొదలుపెట్టాడు. దానికి నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ఖర్చు నిజాముది.

అప్పటి కంపెనీవాళ్లు చెప్పుకున్న కథ ఒకటుంది. కిర్క్‌పాట్రిక్ ముందు పెద్ద కాగితం మీద నక్షా గీయించి నిజాముకు చూపించినాడంట. అంత పెద్ద కాగితం చూసి నిజాం కుదరదన్నాడంట. ఈయన అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీయించి మళ్లీ తీసుకుపోతే, ఓ, ఇంతే కదా అని ఒప్పుకున్నాడంట. నిజమో కాదో ఆ దేవునికెరుక. కానీ కాగితం మీద చిన్నదిగా చూపించి నేల మీద పెద్దదిగా తీసుకోవడం అనే విద్య మాత్రం మనకు బాగా తెలిసిందే.

మేడ, మేడలో మనుషులు

మన పులివెందుల బస్సు ఎంజీబీఎస్‌లో ఆగుతుంది. అక్కడ దిగి మూసీ దాటి కోఠి వైపు నడవండి. ప్రహరీ లోపల చెట్ల వెనక కనిపిస్తుంది. రాతి సింహాలు అటూ ఇటూ కూర్చున్న విశాలమైన మెట్లు, ఆ మెట్ల పైన తాటిచెట్లంత స్తంభాలు, స్తంభాల పైన త్రికోణం, ఆ త్రికోణంలో కంపెనీ రాజముద్ర. లోపల దర్బారు హాలు, రెండు పక్కల నుంచి వంపు తిరిగి ఎక్కే మెట్లు. అమెరికా అధ్యక్షుడి వైట్ హౌస్‌ను పోలి ఉంటుందని చూసినవాళ్లంతా అంటారు. రెండూ దాదాపు ఒకే కాలంలో, ఒకే యూరపు పద్ధతిలో కట్టినవే.

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు నవాబుల ఇంటి పిల్ల ఖైరున్నీసాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పరదా పాటించే ఇంటి ఆడపడుచు. మేడ వెనక రంగ్ మహల్ అనే జనానాలో ఉండేది. ముందు వైపు మగవాళ్లు, దర్బారు, సిపాయిలు. ఆమె అటు రాకూడదు. అందుకని ఆమె తోటలో ఆ మేడకు చిన్న నమూనా ఒకటి కట్టించినాడని చెప్తారు. బొమ్మరిల్లు మాదిరి. తన మొగుడు కట్టించిన మేడ ముందు భాగం ఎట్లుందో ఆమె ఆ బొమ్మలో చూసుకోవాల.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

కిర్క్‌పాట్రిక్ ఆ మేడ సుఖం చూడలేదు. 1805 అక్టోబరులో, 41 ఏళ్ల వయసులో, కలకత్తాలో చచ్చిపోయినాడు. తర్వాత వచ్చిన రెసిడెంట్లు మాత్రం 140 ఏళ్లకు పైగా అక్కడ కూర్చుని హైదరాబాదు రాజ్యాన్ని నడిపించినారు. పేరుకు గద్దె మీద నిజాం ఉన్నాడు. రెసిడెన్సీ ఏమనుకుంటుందో తెలుసుకోకుండా దివాను అడుగు తీసి అడుగు వేసేవాడు కాదు.

1857 జూలై 17న ఆ గేటు మీదికి జనం పోయినారు. ముందు నడిచింది తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. లోపల బందీగా ఉన్న జమేదారు చీదా ఖాన్‌ను విడిపించాలని పోయినారు. ఫిరంగుల ముందు నిలవలేకపోయినారు. మౌల్వీని అండమానుకు పంపినారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపి, శవాన్ని నగరంలో జనం చూసేటట్లు వేలాడదీసినారు. మనకు ఇది కొత్త కాదు. అంతకు పదేళ్ల ముందు, 1847 ఫిబ్రవరిలో, కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసి ఆయన తలను కోట మీద వేలాడదీసింది కూడా ఈ కంపెనీయే. ఇక్కడ పాలెగాడు, అక్కడ రోహిల్లా. రెండు చోట్లా శిక్షా ఒకటే, భయపెట్టే పద్ధతీ ఒకటే.

ముందు మెట్లెక్కిన ఆడపిల్లలు

1947లో దేశం నుంచి తెల్లవాళ్లు పోయినారు. రెసిడెంటు పోయినాడు. మేడ ఖాళీ అయింది. ఇప్పుడు ఈ మేడను ఏం చేయాల?

ఏమైనా చేసి ఉండొచ్చు. మంత్రుల బంగళా చేసి ఉండొచ్చు. ఆఫీసులు పెట్టి ఉండొచ్చు. 1949లో అక్కడికి ఉస్మానియా విశ్వవిద్యాలయం మహిళా కళాశాల వచ్చింది. 1924లో చిన్నగా మొదలై, సరైన చోటు కోసం చూసిన కళాశాల అది.

ఇప్పుడు ఆ బొమ్మరిల్లు గుర్తు తెచ్చుకోండి. ఆ ఇంటి ఇల్లాలు ముందు వైపు రావడానికి లేక బొమ్మలో చూసుకున్న మేడ అది. 1949లో దాని ముందు మెట్లను ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఎక్కినారు. రెసిడెంటు దర్బారు తీర్చిన హాలు చదువుకునే పిల్లల హాలు అయింది. మామూలు ఇళ్లలో పుట్టిన పిల్లలు, ఇంట్లో మొట్టమొదట కాలేజీ గడప తొక్కిన పిల్లలు, బస్సు పాసుతో వచ్చిన పిల్లలు. 1956 తర్వాత మన సీమ పిల్లలు కూడా అక్కడ చదివినారు. మనల్ని రాయించుకున్నోడి మేడలో మన ఆడపిల్ల పరీక్ష రాసింది. నన్నడిగితే 1800 నాటి సంతకానికి అంతకు మించిన జవాబు లేదు. ఆ పిల్లలు మేడను పగలగొట్టలేదు, తగలబెట్టలేదు. లోపలికి పోయి కూర్చుని చదువుకున్నారు.

నా సంగతి ఒకటి చెప్తాను. 2013లో డిగ్రీ చదివే రోజుల్లో నేనూ మీ మాదిరే రోడ్డు మీద కూర్చున్నవాణ్ణే. గొంతు పోయేదాకా అరిచినాను. తర్వాత పొట్ట చేతబట్టుకుని హైదరాబాదులో పత్రికలో చేరినాను. రోజూ కోఠి మీదుగానే పోయేవాణ్ణి. ఉమెన్స్ కాలేజీ బస్టాపు అంటే తెలుసు గానీ లోపల ఏముందో తెలీదు. మగవాణ్ణి, లోపలికి పోనీయరు. అది సబబే. ఆ మేడ చరిత్ర చదివింది చాలా కాలం తర్వాత. ఆ పుస్తకంలో "సీడెడ్ డిస్ట్రిక్ట్స్" అన్న మాట చూసి ఆగిపోయినాను. అది నేనే గదా! ఏళ్ల తరబడి గేటు ముందు బస్సు కోసం నిలబడి, లోపల ఉన్నది నా కథ అని తెలీకుండా తిరిగినాను.

తమ్ముళ్లారా, ఆ మేడ తెలంగాణ బిడ్డలది. అందులో మనకు వాటా అడగడం లేదు. కథలో మాత్రం మన పేజీ ఒకటుంది. ఆ పేజీ చదవకుండా మన ఉద్యమం గురించి మాట్లాడితే మొదలు లేని కథ చెప్పినట్లే.

మిద్దె ఎట్లా చస్తుంది, ఎట్లా బతుకుతుంది

ఇక అసలు సంగతి. అంత గొప్ప మేడకు ఏమైంది?

మన పాత మిద్దెలు చూసినవాళ్లకు చెప్పే పని లేదు. వానలకు ముందు పెద్దోళ్లు మిద్దె మీద చవుడు పోసేవాళ్లు. ఒక్క ఏడు మరిచిపోతే కారుతుంది. రెండేళ్లు మరిచిపోతే దూలం తడుస్తుంది. మూడో ఏడు చెద పడుతుంది. మిద్దె ఒక్క దినంలో కూలదు. ఒక్కొక్క వానకు కొంచెం కొంచెం కూలుతుంది. రెసిడెన్సీకి జరిగిందీ అదే. పైకప్పు నుంచి నీళ్లు దిగినాయి. కర్ర తడిసింది. గోడల సందుల్లో రావి, మర్రి మొలిచి వేళ్లు దిగబడినాయి. కాలేజీకి వచ్చే డబ్బు పిల్లల చదువుకే చాలదు, రెండు వందల ఏళ్ల మేడకు ఎక్కడిది? చివరికి ప్రధాన భవనంలో తరగతులు నడపడమే ప్రమాదమైంది. పిల్లలు పక్కన కట్టిన గదుల్లోకి పోయినారు. పిల్లలు పోయినాక మేడ ఇంకా తొందరగా పాడయింది. మనిషి మసలని ఇల్లు గబ్బిలాల పాలు.

2002లో ప్రపంచ స్మారక నిధి అనే అంతర్జాతీయ సంస్థ, ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. ఆ ఏడాదే విలియం డాల్‌రింపుల్ "వైట్ మొఘల్స్" పుస్తకంతో కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల కథ లోకమంతా తెలిసింది. జాబితాలో పేరు పడడం 2002లో. బాగైన మేడ తలుపులు తెరిచింది 2023లో. మధ్యలో ఇరవై ఏళ్లు పోయినాయి. డబ్బులు, అనుమతులు, ఫైళ్లు, రాష్ట్ర విభజన, కరోనా అన్నీ ఆ ఇరవై ఏళ్లలోనే. ఆ బొమ్మరిల్లును కూడా బాగు చేసినారు. రంగ్ మహల్ పోయింది గానీ దాని గేటు మిగిలింది.

బాగు చేయడమంటే సిమెంటు పూసి రంగు కొట్టడం కాదు. అది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ బడి మిద్దెకు ఇదే పనికొస్తుంది.

పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి వాడేవాళ్లు. ఆ గోడ ఊపిరి తీసుకుంటుంది. వానకు తడి పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలి సున్నం మెత్తబడి పిండి మాదిరి రాలుతుంది. పైన చూస్తే నున్నగా ఉంటుంది, లోపల కుళ్లిపోతుంటుంది. మంచి చేస్తున్నామనుకుని ఎన్నో గుళ్లను, ఎన్నో బడులను మనమే ఇట్లా చంపుకున్నాం. పాత గోడకు సున్నమే పూయాల. కర్ర చెడితే చెడిన మేరకే కోసి కొత్త కర్ర అతకాల. వాన నీళ్లు పోయే దారి ముందు సరిచేయాల. మొక్కను వేరుతో సహా తీయాల. ఇవన్నీ అయినాకనే రంగు. మనవాళ్లు ముందు రంగు కొట్టి, శిలాఫలకం వేసి, రిబ్బను కత్తిరిస్తారు. నీళ్లు దిగేది దిగుతూనే ఉంటుంది.

బాగైన మేడ ఎవరిది?

ఇంకో ప్రశ్న ఉంది. అది సున్నం కంటే కష్టమైంది. బాగు చేసినాక లోపల ఎవరు ఉండాల?

2022లో ఆ కళాశాల తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024 సెప్టెంబరులో దానికి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్లు అక్కడి ముఖ్యమంత్రి ప్రకటించినారు. పాలకుర్తిలో తన నాలుగెకరాల భూమి కోసం దొరను ఎదిరించిన తల్లి పేరు. ఒక పక్క త్రికోణంలో కంపెనీ రాజముద్ర, ఇంకో పక్క గేటు మీద ఐలమ్మ పేరు. రెండూ ఒకే చోట ఉండడమే బాగుంది. రాజముద్ర చెరిపేస్తే ఐలమ్మ పేరు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో రేపటి పిల్లలకు తెలీదు.

కానీ ఒక భయం ఉంది. ఎక్కడైనా సరే, పాత మేడ మెరిసిపోతూ కనిపించగానే పెద్దోళ్ల కండ్లు పడతాయి. విందులకు ఇద్దాం, పెళ్లిళ్లకు ఇద్దాం, టికెట్టు పెడదాం, ఫొటోలకు అద్దెకిద్దాం అంటారు. టికెట్టు పెట్టడం తప్పు కాదు, నిర్వహణకు డబ్బు కావాల. కానీ పిల్లలు ఎప్పుడూ పక్క గదుల్లో, మేడ ఎప్పుడూ అతిథులకు అయితే, 1949లో తెరిచిన గేటును మళ్లీ మూసినట్లే. తడి ఆరిన హాలులో రోజూ ఒక పాఠం జరగాల. ఒక చర్చ జరగాల. ఏడాదికి ఒక్కసారైనా పట్టా పుచ్చుకున్న పిల్ల ఆ ముందు మెట్ల మీద నిలబడి వాళ్లమ్మతో ఫొటో దిగాల. అప్పుడు ఆ మేడ బతికినట్లు.

మన ఇంటి సంగతి

హైదరాబాదు నుంచి కడపకు రాండి. బ్రౌను దొర 1820లో కడపకు వచ్చినాడు. తర్వాత ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, తాటాకులు తిరగరాయించినాడు. వేమన్న పద్యాలు 1829లో అచ్చయినాయంటే ఆయన చలువే. ఆ బంగళాను మనం కాపాడుకోలేకపోయినాం. శిథిలాలు మిగిలినాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా తిరిగి, చందాలు అడిగి, ఆ స్థలంలోనే గ్రంథాలయం నిలబెట్టినారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చి భాషా పరిశోధన కేంద్రం అయింది. గోడలు పోయినా పని బతికింది. రెసిడెన్సీలో గోడలూ మిగిలినాయి, చదువూ మిగిలింది. మన దగ్గర చదువు ఒక్కటే మిగిలింది, అది కూడా ఒక ముసలాయన పట్టుదల వల్ల.

అనంతపురంలో 1916లో పెట్టిన కాలేజీ పేరే దత్తమండల కళాశాల. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ. నీలం సంజీవరెడ్డి గారు చదివింది అక్కడే. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడికలో పెద్దమనుషులు ఏం రాసుకున్నారు? వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని. 1954లో తిరుపతికి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, మంచిదే. అనంతపురానికి పీజీ సెంటరు 1968లో, సొంత విశ్వవిద్యాలయం 1981లో. రాసుకున్న కాగితానికీ కట్టిన గోడకూ మధ్య 44 ఏళ్లు. 1800లో రాసిన కాగితం వెంటనే అమలయింది చూడండి. అదే సంవత్సరం మన్రో కలెక్టరుగా వచ్చి శిస్తు లెక్క మొదలుపెట్టినాడు. మన దగ్గర తీసుకునే కాగితానికి కాళ్లుంటాయి. మనకు ఇచ్చే కాగితం మాత్రం కదలదు.

అందుకే ఇచ్చే కాగితం కోసం కొట్లాడుతూనే, మన చేతిలో ఉన్న గోడను కాపాడుకోవాల.

ఆ బడి మిద్దె దగ్గరికి వస్తున్నాను. నిన్న సాయంత్రం తమ్ముళ్లతో పోయి చూసినాను. కడప బండ పరిచిన వసారా. సున్నం గోడలు. పైన ఒక మూల కారి దూలం నల్లబడింది. గోడలో రావి మొక్క మోకాలెత్తు ఉంది. ఇది చచ్చిన మిద్దె కాదు, జబ్బు పడిన మిద్దె. లోపల ఒక ముసలాయన కనిపించినాడు. తాను ఒకటో తరగతిలో కూర్చున్న చోటు ఇదే అని బండను చేత్తో తడిమి చూపించినాడు. షాపులు కడితే అద్దె వస్తుందనేది నిజమే. ఆ ముసలాయన చెయ్యి పెట్టిన చోటు మాత్రం రాదు.

నాలుగు పనులు చెప్తాను. ఒకటి, ఆ స్థలం ఎవరి పేరున ఉందో రెవెన్యూ కాగితం తీయించండి. కాగితం లేకుండా ప్రేమ ఎంతున్నా నిలబడదు. రెండు, వానలు రాకముందే ఆ మూల కప్పు, నీళ్లు పోయే తూము సరిచేయించండి. మూడు, సిమెంటు బస్తా ఆ గోడ దగ్గరికి రానీయకండి, సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి. నాలుగు, మరమ్మత్తు పూర్తయ్యేదాకా ఆగకండి. మంచిగా ఉన్న గదిలో రేపటి నుంచే సాయంత్రం పూట పత్రికలు వేయండి, పోటీ పరీక్షల పిల్లలను కూర్చోబెట్టండి, ఆడపిల్లలకు ముందు వరస ఇవ్వండి. రోజూ మనుషులు కూర్చునే గది కారితే ఆ దినమే తెలుస్తుంది. తాళం వేసిన గది కారేది కూలినాకే తెలుస్తుంది.

రెసిడెన్సీకి ఇరవై ఏళ్లు పట్టింది. మీ బడి మిద్దెకు రెండు వానాకాలాలు పడతాయేమో. ఆ రెండు వానాకాలాలు ఒకరినొకరు తిట్టుకోకుండా నిలబడితే చాలు.

1800లో మనల్ని అడగకుండా సంతకం చేసినారు. ఈసారి ఆ బడి మిద్దె గురించి సంతకం చేయాల్సింది మీరే. ఆలోచించి చేయండి.

సెలవు.